నా నాలుగో శిష్యురాలు

నాకు శిష్యులు నలుగురు. శ్రీకాకుళం పట్నం అంతకు మించి నాకు ఇవ్వలేదు, ఇచ్చిన నలుగురినీ నేను నిలబెట్టుకోలేదు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మూడో ఆదివారం నుంచి రావడం మానేశారు. బ్యాంకు మేనేజరు గారి భార్య ఆరు వారాలు వచ్చింది. ఆ తర్వాత ఆయనకి బదిలీ అయింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు ఆవిడ ముఖంలో ఒక వెలుగు చూశాను. నా క్లాసులో కూర్చున్నన్నాళ్లూ అది ఒక్కసారైనా కనిపించలేదు. ఆఖరిదాకా మిగిలింది నాలుగో ఆవిడ. కిందటి నెల ఆవిడ కూడా వెళ్లిపోయింది. కాకపోతే ఆవిడది బదిలీ కాదు.

ఫోను వచ్చేసరికి నేను మేడ మీద కూర్చుని కాగితానికి కాఫీ మరకలు వేస్తున్నాను. మరకలు వేయడమంటే ఒలకబోసుకోవడం కాదు. గ్లాసు అడుగు కాఫీలో ముంచి కాగితం మీద గుండ్రంగా అద్దాలి. ఎవరో ఆలోచనలో పడి గ్లాసు అక్కడ పెట్టి మర్చిపోయినట్టు ఉండాలి. అలా కుదరడానికి ఐదారుసార్లు తంటాలు పడాలి. ఆరోసారి అద్దుతుండగా ఆ నాలుగో ఆవిడ కోడలు ఫోన్లో, "అమ్మా, మా అత్త పోనాది" అంది.

గ్లాసు నిజంగానే చేతిలోంచి జారి ఒలికింది. ఆ మరక బ్రహ్మాండంగా కుదిరింది. ఆ పేజీ చింపేశాను.

ఆవిడ పేరు రాయను. "పేరెందుకమ్మా, మనిసి ఎదురుగా ఉన్నాది కదా" అనే రకం ఆవిడ. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను మొదట్లో టీచరమ్మా అంది, తర్వాత అమ్మీ అంది, ఒకే ఒక్కసారి ఒసే అంది. ముఖ్యంగా చెప్పాల్సింది ఆ ఒక్కసారి గురించే. కానీ నేను టీచరమ్మని ఎలా అయ్యానో ముందు చెప్పకపోతే ఆ ఒసే విలువ తెలియదు.

మాది రంగులు, హార్డ్‌వేర్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో చేరిన ఏడాది నాకు మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఒకదాంట్లో, ముఖం కనపడని ఒక అమ్మాయి పొడవాటి వేళ్లతో లావుపాటి పుస్తకం తెరిచింది. పేజీకి రంగు పూసి, పాత ఉత్తరం ముక్క అతికించి, లేసు కుట్టి, ఎండిన పువ్వొకటి పెట్టింది. చివర్లో ఏదో ఒక్క మాట రాసి పుస్తకం మూసేసింది. వెనక పియానో వాయిస్తున్నారు. దాన్ని ఆర్ట్ జర్నల్ అంటారట. డైరీయే, కాకపోతే రాయడం తక్కువ, అతికించడం ఎక్కువ. గుడ్డ, దారం, టిక్కెట్టు, ఆకు, చేతికి ఏది దొరికితే దానితో మనసులో ఉన్నది బయటపెట్టుకోవడం. నా మనసులో కూడా ఏదో ఉండే ఉంటుందని ఆ రోజే నాకు గట్టి నమ్మకం కుదిరింది.

సరంజామా తెప్పించాను. జపాను కాగితపు టేపులు, రబ్బరు ముద్రలు, ఎండిన పూల పాకెట్టు. ఆ పాకెట్టు విప్పుతున్నప్పుడు మా మేడ మీది కాగితం పూలు ఎండి నా కాళ్ల కిందే గలగలమంటున్నాయి. గెస్సో అని ఒక తెల్లటి డబ్బా కూడా వచ్చింది. రంగు వేసేముందు కాగితానికి పూస్తారు. మా ఆయన మూత తీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

"ఇదేటే, ప్రైమరు! కింద గొడౌను నిండా ఉంటే పార్సిల్లో తెప్పించినావా?"

"అది గోడలకి. ఇది కళకి," అన్నాను.

"అయితే కళక్కూడా చెమ్మ ఎక్కుతాదన్నమాట," అంటూ మెట్లు దిగిపోయాడు.

నా మొదటి పేజీ పేరు ప్రశాంతత. దానికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో గ్యాసు బండ తెచ్చిన మనిషినీ, ఫోన్ చేసిన మా ఆడపడుచునీ, రెండుసార్లు మా ఆయన్నీ కసిరాను. నీలం రంగు ఆరకముందే పుస్తకం మూసేశాను కాబట్టి ప్రశాంతత ఎదుటి పేజీకి అంటుకుపోయింది. ఈ రోజుకీ విడిపోలేదు.

ఇలాంటివి పది పేజీలు చేశాక ఎవరికైనా బుద్ధి వస్తుంది. నాకు మాత్రం క్లాసు పెట్టాలనిపించింది. "మీలోని మిమ్మల్ని కాగితం మీద కలుసుకోండి, ప్రతి ఆదివారం" అని కరపత్రం వేయించాను. షాపుకి వచ్చిన ప్రతి మనిషి సంచిలోనూ ఒకటి పెట్టమని మా ఆయన్ని బతిమాలాను. అందులో ఒకటి సున్నం సంచితో పాటు శ్రీకూర్మం దారిలో ఉన్న ఒక పల్లెకి చేరింది.

పెద్దమ్మకి అప్పటికి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, ఎండలో నలిగిన ఒళ్లు, పిక్కల దాకా ఎత్తి కట్టిన చీర. మెట్ల కింద కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని పైకొచ్చి, గుమ్మంలో నిలబడి, "పుస్తకానికి అతికించడం నేర్పుతారంట, ఇక్కడేనా?" అంది. సంచిలోంచి ఎరువుల దుకాణంలో ఇచ్చిన గట్టి అట్ట డైరీ ఒకటి తీసింది. తర్వాత గోనె ముక్క, పళ్లు ఊడిన దువ్వెన, సీసా మూత, కొబ్బరి పీచు, కోడి ఈక. ఒక్కొక్కటే బల్ల మీద పెడుతుంటే కాలేజీ అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నేను గురువుని కదా, తొణకలేదు. "దొరికిన ప్రతి వస్తువులోనూ ఒక కథ ఉంటుంది" అని అందరికీ చెప్పాను. అది కూడా వీడియోలో విన్న మాటే.

"కత కాదమ్మా," అంది ఆవిడ. "ఊడిపోకండా ఉండాల."

ఎనిమిది వారాలూ ఆవిడ అడిగినవన్నీ అలాంటి ప్రశ్నలే. రోజుకి యాభైసార్లు తిప్పితే పేజీ ఉంటాదా? సెయ్యి తడిగా ఉంటే ఏటవుద్ది? నోట్లో ఎట్టుకున్నా ఏటీ అవదు కదా? ఆ మూడో ప్రశ్నకి మేనేజరు గారి భార్య తన కుర్చీని కొంచెం దూరం జరుపుకుంది. నేను మాత్రం చల్లగా నవ్వి, "పెద్దమ్మా, కళ శాశ్వతం కాదు. ఊడిపోతే ఊడిపోనీ. అందులోనూ ఒక అందం ఉంది" అన్నాను.

"మరైతే జిగురెందుకమ్మా?" అంది.



జిగురంటే గుర్తొచ్చింది. నా జిగురు సీసా మీద అందమైన పూలు ఉండేవి, అది అతికింది మాత్రం మూడు రోజులకి వదిలేసేది. రెండో వారం ఆవిడ చింతపిక్కలు వేయించి, దంచి, ఉడకబెట్టిన జిగురు స్టీలు గిన్నెలో పట్టుకొచ్చింది. చూడటానికి అంబలిలా ఉంది. గుడ్డనీ పీచునీ దాంతో అంటించింది. దువ్వెన లాంటి గట్టి వాటిని గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో అట్టకి కుట్టింది. తర్వాత పుస్తకం మూసి, కుర్చీలో వేసి, దాని మీద కూర్చుంది. టీ తాగింది. అందరితో ఊసులాడింది. క్లాసు అయ్యేదాకా లేవలేదు.

"బరువు పడాలమ్మా. కూకుంటే అతుక్కుంటాది," అని నాకు చెప్పి, కాలేజీ అమ్మాయిల నడుముల వైపు జాలిగా చూసి, "ఈ గుంటల పేజీలు నిలవవు" అంది.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. ఏ పేజీ పూర్తయినా కళ్లు మూసుకుని, ఎడం చెయ్యి మాత్రమే పేజీ మీద పెట్టి, మెల్లగా తడిమి చూసేది. కుడిచెయ్యి ఒళ్లో పడేసేది. తృప్తిగా అనిపిస్తే "ఊఁ" అనేది, లేకపోతే మొత్తం పీకి మళ్లీ మొదలుపెట్టేది. అది ధ్యానమని నేను తేల్చేశాను. "చూడండి, స్పర్శతో తన లోపలికి ఎలా వెళుతోందో! మనమూ చేద్దాం" అన్నాను. ఒక ఆదివారం ఉదయం మేమందరం కళ్లు మూసుకుని, ఎడం చేతులతో మా మా పేజీలు తడుముతూ పావుగంట కూర్చున్నాం. నేను కళ్లు తెరిచేసరికి ఆవిడ మమ్మల్ని ఒక్కొక్కరినే ఎగాదిగా చూస్తోంది. పాపం, వీళ్లకేమైందో అన్నట్టు.

నాకు ఆవిడతో ఒక్కటే పేచీ. పేజీ మీద ఒక్క అక్షరం ఉండేది కాదు. రాయడం రాదంటే నేను రాసిపెడతానన్నాను. "నీ మనసులో మాట ఏదో ఒకటి చెప్పు పెద్దమ్మా, రాస్తాను. అది లేకపోతే జర్నల్ కాదు."

"నా మనసులో మాట నాను నోటితో సెప్పగల్ను కదమ్మా," అంది. దబ్బనానికి దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే.

మొండిది, లోపలున్నది దాచుకుంటుంది అనుకున్నాను. వచ్చే వారం పాఠం "మనసు తలుపులు తెరవడం" అని నిర్ణయించుకున్నాను.

అప్పుడే మా ఊళ్లో కళాభిమానులు కొందరు కలిసి ఒక కల్యాణ మండపంలో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. నాకో బల్ల ఇచ్చారు. నా జర్నల్స్ నాలుగు దాని మీద పేర్చి దూరంగా నిలబడి చూసుకున్నాను. నాలుగూ వీడియోల్లాగే ఉన్నాయి. ఏది ఏ వీడియోనో కూడా చెప్పొచ్చు. వాటి మధ్యలో ఆవిడ పుస్తకం ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అప్పటికి అది పొంగిపోయి, మూతపడకుండా, నిండు గర్భిణిలా ఉండేది.

"ఒక్క రోజుకి ఇవ్వు పెద్దమ్మా," అన్నాను ఆ ఆదివారం.

ఆవిడ పుస్తకాన్ని గుండెకి ఆనించుకుంది. తర్వాత, "రేపు మజ్జానానికి ఇచ్చీగలవా? ఎల్లుండంటే కుదరదు" అంది.

"నా మాట నమ్ము," అన్నాను. నమ్మింది.

ఆ పుస్తకానికి నేను చేసిన అలంకారం చెబితే సిగ్గేస్తుంది కానీ చెబుతాను. ప్రతి పేజీకీ నా దస్తూరితో ఒక చీటీ పెట్టాను. దువ్వెన ఉన్న పేజీకి "స్త్రీత్వం". గోనె ముక్కకి "శ్రమ". కోడి ఈకకి "స్వేచ్ఛ". పైన పెద్ద అక్షరాలతో "ఒక గ్రామీణ స్త్రీ అంతరంగ యాత్ర". పక్కన "దయచేసి ముట్టరాదు" అని బోర్డు. చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని నేనే పేజీలు తిప్పి చూపించేదాన్ని.

జనం నా నాలుగు పుస్తకాలూ దాటుకుని దాని దగ్గరికే వచ్చారు. విజయనగరం నుంచి వచ్చిన రిటైర్డు డ్రాయింగు మాస్టారొకాయన కళ్లజోడు పైకెత్తి మరీ చూసి, "ఇందులో ఒక్క వస్తువు కూడా అందం కోసం పెట్టలేదమ్మా. ఇది ఎవరో ఏదో అవసరం మీద చేసిన పని" అన్నారు. ఆయన సగం నిజం కనిపెట్టేశారు. నేను మాత్రం, "నా విద్యార్థిని అండి. నేనే నేర్పాను" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అయింది. మాస్టారు తన స్నేహితుల్ని తీసుకొస్తానన్నారు కదా అని ఆగాను. సాయంత్రానికి ప్రదర్శన ఇంకో రెండు రోజులు పొడిగించారు. పెద్దమ్మ కోడలి నంబరు నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఆ రోజు నాలుగు, మర్నాడు ఏడు. ఫోను సైలెంటులో పెట్టాను. అయినా చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. తన పుస్తకాన్ని ఎంతమంది మెచ్చుకున్నారో తెలుసుకోవాలని ఆరాటపడుతోంది కాబోలు, అన్నీ కలిపి ఒకేసారి చెబుదాం అనుకున్నాను.

మూడో రోజు పదకొండు గంటలకి ఆవిడే వచ్చింది. మండపం గుమ్మంలో చెప్పులు వదిలి, ఎవరినీ చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికి నడిచింది. జుట్టు దువ్వుకోలేదు. కళ్లు గుంటలు పడ్డాయి. నేను ఎదురెళ్లి, "పెద్దమ్మా, నీ పుస్తకం ఊరంతా..." అని మొదలుపెట్టాను.

ఆవిడ బోర్డు వైపు చూపించి, "అక్కడేటి రాసినావు?" అంది.

"ముట్టుకోవద్దని. పాడవకుండా ఉంటుందని..."

"ముట్టుకోడానికే కదే సేసినాను, ఒసే!"

మండపం మొత్తం ఇటు తిరిగింది. ఆవిడ పుస్తకం లాక్కుని బయటికి వెళ్లింది. నేను తెల్ల తొడుగులతోనే వెనకాల పరిగెత్తాను. బయట ఆటోలో, కోడలి భుజానికి ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మనిషి కుడివైపు సగం వాలిపోయి ఉంది, పెదవి ఒక పక్కకి జారింది. పుస్తకం కనపడగానే ఆయన నోట్లోంచి ఒక ధ్వని వచ్చింది. అది మాట కాదు, ఏడుపూ కాదు. ఆవిడ పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన ఎడం చేత్తో పేజీలు గబగబా తిప్పాడు. దువ్వెన దాటాడు, పీచు దాటాడు, కోడి ఈక దగ్గర ఆగి, అరచెయ్యి దాని మీద ఆనించి ఉంచేశాడు. పక్కనే నా చీటీ ఉంది. స్వేచ్ఛ.

"ఓలమ్మా! సెవి దురదా?" అంది ఆవిడ. "మూడ్రోజుల్నుంచీ సెవి దురదేనేటి నీది?"

సంచిలోంచి ఇంకో కోడి ఈక తీసి, ఆయన కుడి చెవిలో పెట్టి మెల్లగా తిప్పింది. ఆయన కళ్లు మూతలు పడ్డాయి. ముఖంలో సగం నవ్వింది. రెండో సగానికి చేతకాదు.

కోడలు నాకు చెప్పింది. ఆయన పెద్దమ్మ భర్త. ఏడాది కిందట పక్షవాతం వచ్చి, కుడి చెయ్యీ కాలూ పోయాయి, మాట పోయింది. అన్నీ అర్థమవుతాయి, ఒక్కటీ చెప్పలేడు. తల ఊపుతాడు గానీ అవునుకీ కాదుకీ ఒకేలా ఊపుతాడు. చూపు కూడా మసక. చెయ్యి పెట్టి చూపిస్తే తెలుసుకోవచ్చని ఆవిడ ఈ పుస్తకం చేసింది. గోనె ముక్కంటే బయట అరుగు మీద కూర్చోబెట్టమని. సీసా మూతంటే దాహం. కొబ్బరి పీచంటే ఒళ్లు రుద్దమని. ఈ మూడు రోజులూ ఆయన వణికే ఎడం చేతిని ముఖం దాకా ఎత్తేవాడు, అది నుదుటి దగ్గరే ఆగిపోయేది. తలనొప్పి అనుకున్నారు. తైలం రాశారు, మాత్ర వేశారు, డాక్టరుని పిలిచి ఇంజెక్షను చేయించారు. ఆయన అన్నం మానేసి, తొడ మీద లేని పేజీలు తిప్పుతూ కూర్చున్నాడట.

నేను తొడుగులు తీసేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పెద్దమ్మా, ఎనిమిది వారాల్లో ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాను. తప్పు నాదైనప్పుడు ఎదుటివాళ్ల మీద పెట్టడం నాకు మొదట్నుంచీ వచ్చు.

ఆవిడ ఈక తిప్పుతూనే, కోపం లేకుండా అంది. "అడిగితే సెప్పీదాన్ని. మనసులో మాట రాయమన్నావు గానీ, ఇంట్లో ఎవులున్నారని నువ్వు ఒక్కపాలైనా అడగనేదు కదమ్మీ."

ఆటో వెళ్లిపోయింది. వెనక్కి తిరిగితే మండపం మెట్ల మీద డ్రాయింగు మాస్టారు నిలబడి ఉన్నారు. అంతా చూశారు. నా బల్ల దగ్గరికి నడిచి, ఆ బోర్డు బోర్లా తిప్పి పెట్టారు.

ఆ తర్వాతి ఆదివారం క్షమాపణ చెప్పుకోవడానికి వాళ్ల ఊరెళ్లాను. వట్టి చేతులతో వెళ్లలేదు. రెండు రోజులు కూర్చుని క్షమాపణకి ఒక పేజీ తయారుచేశాను. నాకు మరి ఇంకేమీ రాదు కదా. గులాబీ రంగు పట్టుగుడ్డ కింద దూది పెట్టి, చుట్టూ లేసు కుట్టి, మధ్యలో "మన్నించు" అని దారంతో రాశాను. ఆవిడ కళ్లు మూసుకుని ఎడం చేత్తో దాన్ని తడిమింది.

"ఇదేటమ్మీ, ఇంత మెత్తగున్నాది?"

నేను గొంతు సవరించుకునేలోపే, "దిండు!" అంది. "ఈయనకి తలకింద ఎత్తు కావాలంటే ఎలగ సెప్పాలో తెలీకండా ఉన్నాది. బంగారంలాటి పని సేసినావు." దబ్బనం తెచ్చి అక్కడికక్కడే పుస్తకంలో కుట్టేసింది. ఆ సాయంత్రమే ఆయన దాని మీద చెయ్యి పెట్టాడు. దిండు పెట్టారు. నేను చేసిన పేజీలన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే. దాని మీద రాసింది ఈ రోజుకీ ఎవరూ చదవలేదు.

ఆ తర్వాత నేను నెలకోసారైనా వెళ్లేదాన్ని. క్లాసు నాది పోయింది, ఆవిడది మొదలైంది. "కాయితం పడుగు సూసి, పోగు పోయే వైపే సింపాలమ్మీ, అడ్డంగా లాగితే ఏడుస్తాది" అనేది. నేను అడ్డంగానే లాగేదాన్ని. పెసరచేను కోతలప్పుడు వెళితే పుస్తకం ఆయన దగ్గర, ఆయన్ని నా దగ్గర వదిలి పొలానికి పోయేది. వచ్చేసరికి ఆయన ఏ పేజీ చూపించాడో, నేను ఏం ఇచ్చానో అప్పచెప్పాలి. సగం తప్పులే. ఒకసారి ఆయన దువ్వెన చూపిస్తే తల దువ్వాను. "అది గెడ్డానికి," అంది ఆవిడ, నవ్వుతూ. "తల మీద ఏటున్నాదని దువ్వినావు?"

ఆవిడ పోయింది ఆ పొలంలోనే. ఉదయం పూట, గట్టు మీద కూలబడి, అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదట. అంత ఓపికగా అన్నీ కుట్టిన మనిషి ఇలా తొందరపడుతుందని ఎవరూ అనుకోలేదు.

పదో రోజున వెళ్లాను. కొడుకు కొత్తవలస దగ్గర ఫ్యాక్టరీలో పని. తల్లి కోసం వచ్చి, పొద్దున్నే కాలవ గట్టున పిండం పెట్టి వచ్చాడు. పెట్టీ పెట్టగానే కాకి ముట్టిందని బంధువులు అరుగు మీద చెప్పుకుంటున్నారు. లోపల వసారాలో ముసలాయన గోడకి ఆనుకుని కూర్చుని పుస్తకం తిప్పుతున్నాడు. మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా. ఎక్కడా చెయ్యి ఆనించడం లేదు. మళ్లీ మొదట్నుంచి.

"పది రోజులై ఇలగే ఉన్నాడమ్మా," అంది కోడలు. "ఏటి కావాలో తెలీడం నేదు. ఏ పేజీ మీదా సెయ్యి పెట్టడు. ముద్ద బలవంతంగా పెడతన్నాం."

నేను పక్కన కూర్చుని ఆయనతో పాటు పేజీలు చూశాను. సీసా మూత, బియ్యపు గింజలు, గోనె, దువ్వెన, పీచు, ఈక, నా దిండు. అట్ట వచ్చింది. ఆయన ఆగి, అట్ట లోపలివైపు ఖాళీ జాగాని అరచేత్తో తడిమాడు. అప్పుడు నాకు తట్టింది. నా బుర్రకి ఏదైనా ఆలస్యంగానే తడుతుంది. అన్నిటికీ పేజీ చేసిన మనిషి తనకి మాత్రం చేసుకోలేదు. చేసుకోవాల్సిన అవసరమేముంది? ఆయన పుస్తకం తెరిచినప్పుడల్లా ఎదురుగా ఆవిడే ఉండేది.

కోడలిని అడిగి, ఆవిడ చింతపిక్కల పిండి డబ్బా వెతికించి జిగురు ఉడకబెట్టించాను. పెట్టెలోంచి ఆవిడ పెళ్లినాటి పట్టుచీర తీయించి, జరీ అంచు దగ్గర అందమైన ముక్క ఒకటి ఎంచుకున్నాను. ఆయన చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని ముట్టుకుని, పక్కన పడేశాడు. ఇంకో చీర ఇచ్చాను. అదీ పడేశాడు. తర్వాత చెయ్యెత్తి, గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న పాత తువ్వాలు చూపించాడు. పొలం పనిలో ఆవిడ తలకి చుట్టుకునేది. చెమటకి అట్టకట్టి, రంగు పోయి, అంచులు చీకిపోయి ఉంది. నేనైతే దాన్ని పేజీకి కాదు, బల్ల తుడవడానికి కూడా ఎంచను.

దాన్నే చింపి అట్ట లోపలివైపు అంటించాను. అంచులు వంకరగా వచ్చాయి. ఎండలో పెట్టి, తడి ఆరాక ఆయన ఒళ్లో ఉంచాను. ఆయన చెయ్యి దాని మీద ఆగింది. చాలాసేపు తీయలేదు. వేళ్లు మాత్రం మెల్లగా ఆ గుడ్డ మీద కదులుతున్నాయి.

తర్వాత ఆయన పుస్తకం వెనక్కి తిప్పి, బియ్యపు గింజలు అంటించిన పేజీ మీద చెయ్యి పెట్టాడు. అది అన్నానికి గుర్తు.

"ఆకలేస్తన్నాది! అడిగినాడు!" అని కోడలు ఆనందంగా పరిగెత్తి, అన్నం కలిపి పళ్లెం తెచ్చింది. ఆయన పళ్లెం పక్కకి నెట్టాడు. మళ్లీ తువ్వాలు ముక్క మీద చెయ్యి వేశాడు. మళ్లీ బియ్యపు గింజల మీద. అప్పుడు తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. మళ్లీ తువ్వాలు, మళ్లీ గింజలు.

కోడలు అయోమయంగా నిలబడింది. 

"పెద్దమ్మ తిన్నాదా అని అడుగుతున్నాడు," అన్నాను.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఆయన ఎదురుగా, ఆవిడ కూర్చునే చోట, నేల మీద కూర్చున్నాను.

"తిన్నాది పెదనాన్నా," అన్నాను. "పొద్దున్నే నీ కొడుకు కాలవ గట్టున పెట్టినాడు. పెట్టి ఇలా తిరిగినాడో లేదో కాకి వచ్చీసినాది. ఏటీ మిగల్చలేదు."

 ఆయన ఎడం చేత్తో పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.